గోడ కడితే ఇల్లు రెండవుతుందా?

ఇంటి నడుమ గోడ కట్టి అన్నదమ్ములు వేరుపడటం మన పల్లెల్లో కొత్త సంగతి కాదు. గోడకు ఇటు ఒక పొయ్యి, అటు ఒక పొయ్యి. లెక్కకు ఇండ్లు రెండు. కాని పైన కప్పు ఒక్కటే, కింద పునాది ఒక్కటే. వానకు ఆ కప్పు కూలిందంటే పెద్దోడి వాటా, చిన్నోడి వాటా అని చూసి కూలదు. ఇంత చిన్న సంగతి చదువురాని మా అవ్వకు తెలుసు. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే మనలో చాలామందికి తెలియదు. నాకూ తెలియలేదు. తెలియక చేసిన ఒక తప్పును గూర్చి, అది నేర్పిన పాఠాన్ని గూర్చి ఈ వార్షిక సంచికలో నాలుగు మాటలు రాయాలనిపించింది.

చరిత్ర చదివేవాడికి హార్డ్ డిస్కుల గొడవ ఎందుకయ్యా అని మా అధ్యాపకులు అడగవచ్చు. మనవి చేసుకుంటాను. మాది పెద్ద కొడప్‌గల్. సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు పోయే 161వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు. ఒకప్పుడు నిజామాబాదు జిల్లా పిట్లం మండలంలో ఉండేది. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడ్డప్పుడు తానే మండల కేంద్రమయింది. మహారాష్ట్ర, కర్ణాటక రెండూ దగ్గరే గనుక మా దిక్కు పెండ్లిండ్లలో మూడు భాషలు వినిపిస్తాయి. ఏ భాషవారి పెండ్లి అయినా ఫోటో ఆల్బం మాత్రం ఉండవలసిందే. డిగ్రీ చదివే రోజుల్లో రెండు వేసవులు నేను బాన్సువాడలో ఒక ఫోటో స్టూడియోలో ఆల్బం డిజైనింగ్ పని చేశాను. కొంత చేతిఖర్చుకు, కొంత సరదాకు.

ఆ పని తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. మేము చేసే పెండ్లి ఆల్బంలో ఒక షీటు 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 3,600ను 10,800తో హెచ్చవేస్తే 3 కోట్ల 88 లక్షల పైచిలుకు చుక్కలవుతాయి. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు బైట్లు. వెరసి షీటు నిండా పరిచిన ఒక్క పొరకు సుమారు 111 మెగాబైట్లు. ఒకదానిమీద ఒకటి అటువంటి పొరలు పదిహేను వేస్తే 1,600 మెగాబైట్లు దాటుతుంది. చేసిన పనిని వెనక్కి తీసుకోవడానికి ఫోటోషాప్ దాచిపెట్టే పాత అవస్థల లెక్క దీనికి అదనం. మా స్టూడియో కంప్యూటరుకు ఉన్న ర్యాం 4 జీబీ. అందులో విండోసూ ఉండాలి, ఫోటోషాపూ ఉండాలి, మా అన్న వినే పాటలూ ఉండాలి.

మరి ర్యాంలో పట్టనిది ఎక్కడికి పోతుంది? ఫోటోషాప్ దాన్ని హార్డ్ డిస్కు మీద తాత్కాలికంగా పరుస్తుంది. ఆ పరుచుకునే జాగానే స్క్రాచ్ డిస్కు అంటారు. మనం వేరే ఏదీ చెప్పకపోతే విండోస్ ఉన్న సి డ్రైవునే అందుకు వాడుకుంటుంది. అది నిండిందంటే, స్క్రాచ్ డిస్కులు నిండిపోయాయి, మీరడిగిన పని చేయలేను అని తెర మీద ఒక పెట్టె ప్రత్యక్షమవుతుంది. పొద్దున్నే ప్రింటింగు ల్యాబుకు ఫైళ్లు పంపవలసి ఉండగా, రాత్రి రెండు గంటలకు ఆ పెట్టెను చూసినవాడికే దాని బాధ తెలుస్తుంది.

మా కంప్యూటరులో డిస్కు ఒక్కటే, 1 టీబీది. నేను చేరకముందే ఎవరో దాన్ని నాలుగు భాగాలు చేసి పెట్టారు. సి డ్రైవులో విండోస్, డి లో పెండ్లి ఫోటోలు, ఇ లో తయారైన ఆల్బంలు, ఎఫ్ లో సినిమాలు. "సి ల ఏం పెట్టకు తమ్మీ. ఏదున్నా డి ల పెట్టు. డి సేఫు." మా స్టూడియో అన్న నాకు చేసిన మొదటి ఉపదేశం ఇదే. నాకు తెలిసి మన జిల్లాల్లో ఏ స్టూడియోకు పోయినా, ఏ నెట్ సెంటరుకు పోయినా ఈ ఉపదేశమే వినిపిస్తుంది.

నేను ఇంకొంచెం తెలివి చూపించాను. స్క్రాచ్ నిండుతున్నదని ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో డి, ఇ డ్రైవులకు కూడా టిక్కు పెట్టాను. పెండ్లి ఫోటోలకు భద్రత కావాలని డి లోని ఫోల్డర్లను తీసుకుపోయి ఇ లో ఒక కాపీ వేశాను. "బ్యాకప్ తీసినవా తమ్మీ?" అని అన్న అడిగితే "తీసిన అన్నా" అన్నాను. అబద్ధమాడాలని అన్న మాట కాదు. నిజంగా తీశాననే అనుకున్నాను.

ఒకనాడు పొద్దున స్విచ్చు వేస్తే కంప్యూటరు లేవలేదు. పెట్టె లోపలినుంచి టక్కు, టక్కుమని చప్పుడు. ఆ డిస్కును విప్పి పక్క దుకాణంలో ఇంకో కంప్యూటరుకు తగిలించి చూశాం. సి లేదు. డి లేదు. ఇ లేదు. సినిమాల ఎఫ్ కూడా లేదు. నాలుగు అక్షరాలూ ఒక్కసారే పోయాయి. కెమెరా మెమరీ కార్డులు చూద్దామంటే, వాటిని ఖాళీ చేసి అప్పటికే మరి రెండు పెండ్లిండ్లు తీశాం. పోయిన డిస్కుల్లోంచి ఫోటోలు తీసిచ్చేవాళ్లు హైదరాబాదులో ఉన్నారని విని అన్న ఫోను చేశాడు. ఖర్చు విని ఫోను పెట్టేశాడు. తీసిచ్చినా అన్నీ వస్తాయన్న నమ్మకం వాళ్లూ ఇవ్వలేదు.

పోయినవాటిలో మా ఊరి పెండ్లి ఒకటి. మా వాడకట్టువాళ్లే. పెండ్లికూతురు నాకు అక్క వరుస. వాళ్ల నానమ్మ కెమెరా చూస్తే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి. ఆ పెండ్లిలో మాత్రం మనుమరాలి పక్కన కూర్చుని నోరారా నవ్వింది. ఆ ఫోటో తీసింది నేను కాదు గాని, వెలుతురు సరిచేసి షీటులో పెట్టింది నేనే. పెండ్లయిన రెండో నెలలో ముసలమ్మ కాలం చేసింది. పదో దినానికి పటం కట్టించాలని ఆమె కొడుకు స్టూడియోకు వచ్చాడు.

"మా అవ్వ ఫోటో జర పెద్దగ చేసియ్యి బిడ్డా. నవ్వింది ఉంది గద, అది."

నేను తలకాయ వంచుకున్నాను. అన్నే జరిగింది చెప్పాడు. ఆయన కోపం చెయ్యలేదు. "రెండు జాగలల్ల పెట్టిన అంటివి గద బిడ్డా?" అని మాత్రం అడిగాడు. అవును, అన్నాను. ఆల్బం ఎప్పుడిస్తారని అంతకు ముందు వచ్చినప్పుడు, "రెండు డ్రైవులల్ల ఉన్నయి కాకా, ఫికర్ చెయ్యకు" అని గొప్పగా చెప్పి ఉన్నాను. చివరకు పెండ్లికూతురు ఫోనులో, నమూనాకని మేము వాట్సాప్‌లో పంపిన చిన్న బొమ్మ ఒకటి దొరికింది. దాన్ని పెద్దది చేస్తే ముఖం మసకబారింది. ఆ మసక పటమే ఇప్పుడు వాళ్ల గోడ మీద ఉంది. ఊరికి పోయినప్పుడల్లా నేను ఆ ఇంటి ముందు నుంచే నడవాలి.

ఆ తర్వాత నేను చేసిన పని ఏమంటే, చేతిలో చచ్చిపోయి ఉన్న ఆ డిస్కును విప్పి చూడటం. లోపల అద్దంలా మెరిసే పళ్లేలు, వాటిని తిప్పే మోటారు ఒక్కటి, వాటి మీద కదలాడే ముల్లులను మోసే చెయ్యి ఒక్కటి. సి కి ఒక చెయ్యి, డి కి ఇంకో చెయ్యి లేవు. పార్టిషన్ అంటే ఆ డిస్కు మొదట్లో రాసిపెట్టుకునే ఒక పట్టిక మాత్రమే. ఇక్కడినుంచి ఇక్కడిదాకా సి, అక్కడినుంచి డి అని రాసుకుంటుంది, అంతే. పట్టికలో నాలుగు పేర్లున్నా మోటారు ఆగితే నాలుగింటికీ అదే గతి. డి నుంచి ఇ కి నేను చేసిన కాపీ, బంగారాన్ని బీరువా పై అరలోంచి కింది అరలోకి మార్చి, దొంగ రాడులే అనుకోవడం వంటిది.

అట్లాగని పార్టిషన్ పనికిరానిదని నేను అనడం లేదు. విండోస్ చెడిపోయి మళ్లీ వేయవలసి వచ్చినప్పుడు సి ఒక్కదాన్నే చెరిపి, మిగతాది ముట్టకుండా ఉంచవచ్చు. డి సేఫు అన్న మాట అక్కడ పుట్టిందే, అంతవరకు నిజమే. ఏ వస్తువు ఎక్కడుందో చూసుకోవడానికీ అది సౌకర్యమే. తప్పెక్కడ వచ్చిందంటే, విండోస్ చెడిపోవడానికీ డిస్కు చెడిపోవడానికీ తేడా చూడకపోవడంలో. మొదటిదానికి గోడ చాలు. రెండోదానికి వేరే ఇల్లు కావాలి.

వేగం సంగతి కూడా ఇంతే. మామూలు డిస్కు నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకండ్లు. మన కంటికి అది రెప్పపాటు కూడా కాదు గాని, కంప్యూటరుకు చాలా పొద్దు. ఫోటో డి లో ఉండి, స్క్రాచ్ కూడా అదే డిస్కు మీది ఇ లో ఉంటే, ఉన్న ఒక్క చెయ్యి ఫోటో చదవడానికి ఒక మూలకు, స్క్రాచ్ రాయడానికి ఇంకో మూలకు ఉరుకుతూ ఉంటుంది. నేను పెట్టిన టిక్కులతో జాగా దొరికింది, వేగం మాత్రం పడిపోయింది. డిస్కు అందువల్లనే పోయిందని నేననను. ఏ డిస్కు ఏనాడు పోతుందో చెప్పగల జ్యోతిష్కుడు లేడు. పోతుంది అన్నదొక్కటే ఖాయం.

పళ్లెం అంచున ఉన్న చుట్లు పొడుగు, కాబట్టి అక్కడ చదవడం, రాయడం వేగం. అందుకని డిస్కులో మొదటి భాగాన్ని చిన్నగా కోసి స్క్రాచ్‌కు ఇవ్వాలని పాతకాలపు సలహా ఒకటి ఉంది. తిరిగే డిస్కులకు అది సరైనదే. ఇప్పుడు ఎస్ఎస్‌డి వచ్చింది. అందులో పళ్లెం లేదు, చెయ్యి లేదు, అంచూ నడుమా లేవు. దాన్ని వేగం కోసం ముక్కలు చేయడం వృథా శ్రమ.

నిజాంసాగరు కాలువల కింద వరి పండించే రైతుబిడ్డలకు స్క్రాచ్ డిస్కును గూర్చి నేను ఇంకో విధంగా చెబుతాను. అది కల్లం. పంట కోసి తెచ్చి పరచడానికి, తొక్కించడానికి, తూర్పారబట్టడానికి కల్లం కావాలి. కల్లం ఎంత ఖాళీగా, ఎంత చదునుగా ఉంటే పని అంత సాఫీగా సాగుతుంది. కాని వడ్లను ఎవడూ కల్లంలోనే నిలవ ఉంచడు. నిలవకు గుమ్మి వేరు. రేపటి విత్తనాన్ని గుమ్మిలోనూ కలపడు, దాన్ని వేరే ఇంట్లో దాస్తాడు. మేము స్టూడియోలో చేసిందేమిటి? కల్లం, గుమ్మి, విత్తనం మూడూ ఒకే కప్పు కింద పెట్టి, నడుమ సున్నంతో గీతలు గీసి, మూడు జాగాలున్నాయని మురిసిపోయాం.

కనుక ఈ పనిలో ఉన్న తమ్ముళ్లకు నా అనుభవంతో చెప్పేది ఇది. కంప్యూటరులో మొదట ఒక ఎస్ఎస్‌డి పెట్టండి. విండోసు, ఫోటోషాపు, స్క్రాచ్ దాని మీదనే ఉండనీయండి. 100 జీబీ దాకా ఎప్పుడూ ఖాళీగా వదలండి. స్తోమత ఉంటే స్క్రాచ్‌కు ఇంకో చిన్న ఎస్ఎస్‌డి వేరుగా ఇవ్వండి. ఫోటోలకు, ఆల్బం ఫైళ్లకు లోపలనే రెండో డిస్కు, పెద్దది, మామూలుదైనా సరే. మూడోది బయట తగిలించే డిస్కు. దాన్ని కాపీ వేసేటప్పుడే తగిలించి, అయిపోగానే తీసి ఇంటికి తీసుకుపోండి. స్టూడియోలో అగ్గి పడ్డా, దొంగ పడ్డా, పిడుగు పడ్డా ఇంట్లోది మిగులుతుంది. దాన్ని స్క్రాచ్‌కు మాత్రం వాడకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఫోటోలు రెండు వేరువేరు డిస్కుల్లో చేరి, ఆ రెండో డిస్కులోనివి తెరిచి చూసుకున్న తర్వాతనే మెమరీ కార్డును ఖాళీ చేయండి.

స్క్రాచ్ నిండిందని పెట్టె వస్తే కంగారుపడి పెండ్లి ఫోటోలు చెరపకండి. ముందు ఎడిట్ మెనూలో పర్జ్ ఉంటుంది, అది నొక్కితే పాత అవస్థలు పోయి కొంత జాగా వస్తుంది. వెనక్కి పోయే మార్గం కూడా దానితో పోతుందని గుర్తుంచుకోండి. ప్రిఫరెన్సెస్‌లో హిస్టరీ మెట్లు తగ్గించుకోండి. కరెంటు పోయి ఫోటోషాప్ అర్ధాంతరంగా ఆగినప్పుడు, ఫోటోషాప్ టెంప్ అనే పేరుతో పెద్ద పెద్ద ఫైళ్లు మిగిలిపోతుంటాయి. ఫోటోషాప్ మూసి వాటిని తీసెయ్యవచ్చు. అసలు ఫోటోషాపే తెరుచుకోకపోతే, తెరిచేటప్పుడు కంట్రోల్, ఆల్ట్ రెండూ కలిపి నొక్కి పట్టుకుంటే స్క్రాచ్ ఏ డిస్కు మీద పెట్టమంటారని అదే అడుగుతుంది. ఇవి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే, ఎన్నో రాత్రులు నిద్ర మిగిలేది.

ఇంత ఎందుకు, అంతా క్లౌడులో పెడితే పోలా అని మిత్రులొకరు వాదించారు. పెట్టండి, నేను వద్దనను. అది నిజంగానే వేరే ఇల్లు. కాని ఒక పెండ్లికి 64 జీబీ ఫోటోలున్నాయనుకోండి. సెకండుకు 10 మెగాబిట్ల వేగంతో పైకి పంపితే పద్నాలుగు గంటల పైన పడుతుంది, అదీ నడుమ ఎక్కడా తెగకుండా ఉంటే. మా ఊళ్లో సిగ్నలు కోసం మిద్దె ఎక్కే రోజులు నేను మరువలేదు. పైగా నెల నెలా కిరాయి కట్టడం ఆపితే ఆ ఇంటి తాళం మన చేతిలో ఉండదు. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట అని పీటర్ క్రో అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఉంది. ఆ మూడింటిలో క్లౌడు ఒకటి కావచ్చు. మూడూ అదే కారాదు.

ఇంకొకరు, బీద స్టూడియోలు ఇన్ని డిస్కులు ఎక్కడినుంచి కొంటాయి అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఒకటే. పెండ్లివారితో ఆల్బం బేరం చేసేటప్పుడే ఆ డిస్కు ఖర్చును అందులో కలిపి, ఎందుకో వాళ్లకు విప్పి చెప్పాలి. షీట్లకు, అట్టకు, పెట్టెకు డబ్బిచ్చే మనిషి, తన తల్లి ముఖం నిలవడానికి ఇవ్వడా?

ఇక చరిత్ర విద్యార్థిగా నా మాట. రాజా దీన్‌దయాళ్ 1844లో పుట్టి 1905లో పోయాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫోటోలు తీసి, రాజా ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు పొందాడు. ఆయన వాడినవి గాజు పలకలు. వాటిలో రెండువేల ఎనిమిది వందల పైచిలుకు పలకలు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఇప్పటికీ ఉన్నాయి. గాజు కన్నా తేలికగా పగిలేది ఏముంది? ఐనా అవి మిగిలాయి. ఒక పలక పగిలితే ఒక్క బొమ్మే పోయేది. మన కాలంలో ఒక్క మోటారు ఆగితే ఒక ఊరి ఐదేండ్ల పెండ్లిండ్లు పోతున్నాయి. నవాబుల ముఖాలు నూరేండ్ల పైన నిలిచాయి, పెద్ద కొడప్‌గల్ ముసలమ్మ ముఖం రెండు నెలలు నిలవలేదు. రేపు మన పల్లెల చరిత్ర రాయబోయేవాడికి మనం మిగిల్చేది ఏమిటి?

చివరగా, దూరం పోనక్కరలేదు, మన సంఘం సంగతే చూద్దాం. ఈ సంచిక కోసం పోయిన సంవత్సరాల వార్షికోత్సవ ఫోటోలు కావాలని నేను తిరిగాను. ఒక సంవత్సరానివి పాత కార్యదర్శి ల్యాప్‌టాపులో ఉన్నాయన్నారు. ఆయన ఉద్యోగానికి పోతూ ల్యాప్‌టాపు అమ్మేశాడు. ఇంకో సంవత్సరానివి ఒక పెన్‌డ్రైవులో ఉన్నాయన్నారు. ఆ పెన్‌డ్రైవు ఎవరి జేబులో ఉందో ఎవరికీ తెలియదు. తప్పు వాళ్లదని నేననను. అప్పగించే పద్ధతే మనకు లేదు.

అందుకని సంఘానికి నాదొక ప్రతిపాదన. ఈ సంవత్సరపు నిధుల్లోంచి రెండు బయటి డిస్కులు కొనండి. ఒకటి సంఘం గదిలో, ఒకటి మన గ్రంథాలయంలో. ఏ ఉత్సవం జరిగినా వారంలోపల ఫోటోలు రెండింటిలోనూ చేరాలి. ప్రతి ఫోల్డరుకు తేదీ, సందర్భం, ఫోటోలోని మనుషుల పేర్లు రాయాలి. పేరు లేని ముఖం పదేండ్ల తర్వాత ఎవరికీ చెందదు. కొత్త కార్యదర్శి పదవి తీసుకునేనాడు ఒక అధ్యాపకుని ఎదుట ఆ రెండు డిస్కులూ తెరిచి చూసి, ఉన్నాయి అని సంతకం చేయాలి. దండలు, ఉపన్యాసాలు ఆ తర్వాత. పూర్వ విద్యార్థుల ఇండ్లలో పాత ఫోటోలుంటే ఒక కాపీ పంపవలసిందిగా వారికి కూడా నా విన్నపం.

ఒకవేళ ఎవరైనా, ఒక డిస్కు చాలదా, దాన్నే రెండు పార్టిషన్లు చేస్తే పోలేదా అని అడిగితే, వారిని ఒకసారి మా ఊరికి తీసుకుపోతాను. ఒక ఇంటి గోడ మీద మసకబారిన పటం ఒకటి ఉంది, చూపిస్తాను.